బుక్ క్లబ్‌లో ‘అసమర్థుని జీవయాత్ర’ చదవడం ఎలా?

త్రిపురనేని గోపీచంద్ రాసిన ఈ నవల చిన్నదే, పట్టుగా కూర్చుంటే రెండు రాత్రుల్లో అయిపోతుంది. దయచేసి అలా చదవకండి. కథలో ఎక్కువ భాగం కథానాయకుడు సీతారామారావు ఆలోచనల్లోనే నడుస్తుంది. ఏకబిగిన చదివితే అతని చిరాకు, అనుమానం మనకీ అంటుకుంటాయి. కథ చివర్లో శ్మశానం దాకా వచ్చేసరికి "అబ్బా, బరువుగా ఉంది" అనడం తప్ప మాట్లాడటానికి ఏమీ మిగలదు. మీటింగుకి మూడు వారాల ముందు మొదలుపెట్టి, రోజుకి పది పేజీలు, వీలైతే పగటిపూట చదవండి.

పుస్తకం ప్రకటించిన రోజే గ్రూపులో ఒక మాట చెప్పేయాలి: ఇందులో భార్యను వేధించడం ఉంది, తనను తాను నాశనం చేసుకుని చనిపోవడం ఉంది. కథ ముందే తెలిసిపోతుందని దాచొద్దు. ‘ఎందుకు’ అని అడగడం నేర్పిన తండ్రికి గోపీచంద్ ఈ నవలను అంకితమిచ్చారు. ముగింపు తెలిసి చదివినవాళ్లకే ఆ ప్రశ్న మొదటి పేజీ నుంచీ వినిపిస్తుంది.

చేతిలో పెన్సిలు ఉండాలి. నిజంగా జరిగినదాని పక్కన ‘జ’ అని, అతను అనుకున్నదాని పక్కన ‘అ’ అని రాయండి. ఎవరో నవ్వారు: జ. నన్ను చూసే నవ్వారు: అ. ఈ రెండూ ఒకే వాక్యంలో కలిసిపోయి వస్తుంటాయి, జాగ్రత్త. ‘జ’ లేకుండా ‘అ’ మాత్రమే ఉన్న పేజీలను మడతపెట్టుకోండి, చర్చకు పనికొచ్చేవి అవే. ‘వంశ ప్రతిష్ఠ’ అన్న ఊసు వచ్చిన ప్రతిచోటా దానికోసం ఎంత ఖర్చయిందో, ఎవరు లాభపడ్డారో అంచులో రాసుకోండి. ఒకరికి సీతారామారావు భార్య ఇందిర పని అప్పగించండి: ఆమె నిజంగా ఏమంది, ఏం చేసింది అన్నవి మాత్రమే ఏరి ఒక కాగితం మీద రాసుకురావాలి. ఈ కాగితం లేకపోతే ఆమె గురించి అందరూ భర్త మాటలే వల్లిస్తారు.

ఎనిమిది మందికి గంటన్నర చాలు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముద్రణ ఉంటుంది, పేజీ నంబర్లు కలవవు. పేరా మొదటి మాటలు చెప్పి వెతుక్కోండి. "నచ్చిందా?" అని మొదలుపెట్టొద్దు, అవును కాదులతో ఆగిపోతుంది. మడతపెట్టిన పేజీ ఒకటి పైకి చదవండి. పది నిమిషాల్లో ఎవరో ఒకరు "ఇది డిప్రెషనండీ" అంటారు. జబ్బు పేరు పెట్టగానే వెతకడం ఆగిపోతుంది కాబట్టి, ఏ పేజీ చూసి అలా అనిపించిందో అడగండి.

ముగింపుని గంట దాటకముందే ఎత్తుకోండి. లేచి వెళ్లేముందు దాన్ని ముట్టుకుంటే ఆ బరువుతోనే ఇళ్లకు పోతారు. మాట్లాడకుండా కూర్చున్నవాళ్లని అందరిముందూ కదపొద్దు, మర్నాడు ఫోన్ చేయండి. ఎవరికైనా చావు ఆలోచనలు ఉన్నట్టు అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఇవ్వండి. ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.