రెండు దీపాలూ పచ్చగానే ఉన్నాయి, ర్యాక్ మాత్రం ఆరిపోయింది

లక్షణం: ఒక వైపు కరెంటు పోగానే, రెండు పవర్ సప్లైలున్న (బయటి కరెంటును తనకు తగ్గట్టు మార్చుకునే యూనిట్లు) సర్వర్ కూడా ఆగిపోయింది.

పదింట ఎనిమిదిసార్లు నాకు కనిపించిన కారణం ఒక్కటే. రెండు తీగలూ ఒకే పీడీయూలో, అంటే ర్యాక్‌లోని (సర్వర్లు పేర్చే బీరువా) సర్వర్లకు కరెంటు పంచే ప్లగ్గుల పట్టీలో, గుచ్చి ఉంటాయి. ఫర్మ్‌వేర్ మార్చేవారినీ, కంపెనీకి టికెట్ పెట్టేవారినీ, కొత్త పవర్ సప్లై తెప్పించేవారినీ చూశాను గాని, ర్యాక్ వెనక్కి వెళ్లి తీగను చేత్తో పట్టుకుని చివరిదాకా చూసినవారు తక్కువ. ముందు ఆ పని చేయండి. లేబుల్‌ను, తీగ రంగును నమ్మకండి. అర్ధరాత్రి చేతికందిన తీగతో పని కానిచ్చినవారు ఎప్పుడూ ఉంటారు. తీగలు సరిగ్గానే ఉంటే, ఆ రెండు పీడీయూలూ ఒకే యూపీఎస్ నుంచి వస్తున్నాయేమో ప్యానెల్ దగ్గర చూడండి. అలా ఉంటే అది పేరుకు మాత్రమే రిడండెన్సీ (ఒకటి పోయినా రెండోది నిలబెట్టే ఏర్పాటు). సర్వర్ తన పవర్ సప్లైలను చూడగలదే గాని వాటి వెనక ఏముందో చూడలేదు, కాబట్టి అది చూపించే పచ్చదీపానికి అంతకుమించిన అర్థం లేదు.

లక్షణం: రెండు పవర్ సప్లైలూ పనిచేస్తున్నా, రిడండెన్సీ పోయిందని హెచ్చరిక వస్తోంది.

800 వాట్ల పవర్ సప్లైలు రెండున్న సర్వర్‌లో తర్వాత గ్రాఫిక్స్ కార్డు చేర్చితే వాడకం 950 వాట్లకు చేరవచ్చు. అప్పుడు ఒక్కటి మిగిలితే అది మోయలేదు. రెండిటినీ ఎక్కువ సామర్థ్యం ఉన్నవాటితో మార్చండి, లేదా సర్వర్‌కు పవర్ పరిమితి పెట్టండి. వేర్వేరు వాటేజీల పవర్ సప్లైలను కలిపి వాడకండి. ఒకటి సున్నాకు దగ్గరగా వాట్లు చూపిస్తుంటే కంగారు పడనక్కర్లేదు, అది హాట్ స్పేర్ పద్ధతిలో, అంటే అవసరం పడేదాకా పక్కన సిద్ధంగా, కునుకు తీస్తూ ఉండవచ్చు.

లక్షణం: ర్యాక్‌కు కరెంటు వచ్చే ఏ (A), బీ (B) వైపుల్లో ‘ఏ’ వైపు కరెంటు పోయింది, సర్వర్లన్నీ నిలబడ్డాయి, అరగంట తర్వాత మొత్తం ర్యాక్ పడిపోయింది.

నన్ను నిజంగా దెబ్బతీసింది ఇదే. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక చోట ప్రతి ర్యాక్‌కూ 32 ఆంపియర్ల సింగిల్ ఫేజ్ పీడీయూలు రెండు ఉండేవి. ఆ ర్యాక్‌లో ఒక్కొక్కటీ 22 ఆంపియర్లు చూపించేది. పీడీయూ హెచ్చరికను 80 శాతం దగ్గర, అంటే 25.6 ఆంపియర్ల దగ్గర పెట్టి ఉంచాం కాబట్టి అది ఎన్నడూ మోగలేదు. పరీక్ష కోసం ‘ఏ’ వైపు ఆపి ఐదు నిమిషాలు చూశాం, ఏమీ కాలేదు, కాగితం మీద సంతకాలు పెట్టి వెళ్లిపోయాం. కొన్ని వారాలకు ‘ఏ’ వైపు యూపీఎస్ నిజంగానే ఆగినప్పుడు బీ వైపు దాదాపు 44 ఆంపియర్ల భారం పడింది. భారం మించితే కరెంటు ఆపేసే బ్రేకర్ సుమారు అరగంట మోసి, ట్రిప్ అయింది.

అది బ్రేకర్ తప్పు కాదు. ఐఈసీ 60898 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ తరహా ఎంసీబీ (చిన్న బ్రేకర్) తన రేటింగుకు 1.13 రెట్ల కరెంటును గంటసేపు ట్రిప్ కాకుండా మోయాలి, 1.45 రెట్లయితే గంటలోపు ట్రిప్ కావాలి. 32 ఆంపియర్లకు ఆ హద్దులు సుమారు 36, 46. ఆ మధ్యలో ఉన్న 44 ఎప్పుడు ట్రిప్ చేస్తుందో ఎవరూ చెప్పలేరు. పైగా ఆ లెక్క 30 డిగ్రీల సెల్సియస్‌కు కట్టినది. వేడెక్కిన ప్యానెల్‌లో ఇంకా త్వరగా ట్రిప్ అవుతుంది. ఐదు నిమిషాల పరీక్ష ఈ లోపాన్ని పట్టుకోలేదు.

పరిష్కారం కూడికతో మొదలవుతుంది. ‘ఏ’, ‘బీ’ వైపుల కరెంటును విడివిడిగా చూడకుండా కలిపి చూడండి. ఆ మొత్తం ఒక వైపు బ్రేకర్‌లో 80 శాతం దాటకూడదు. కాబట్టి హెచ్చరికను ఒక్కో పీడీయూకు 40 శాతం, అంటే 12.8 ఆంపియర్ల దగ్గర పెట్టండి. రీడింగు ఆదివారం ఉదయం కాకుండా నెలాఖరు బ్యాచ్ పనులు నడిచేటప్పుడు తీయండి. పీడీయూ లోపల 16 ఆంపియర్ల బ్యాంకులుంటే (విడి బ్రేకరున్న ప్లగ్గుల గుంపులు) ఒక్కో బ్యాంకుకూ, త్రీ ఫేజ్ అయితే ఒక్కో ఫేజ్‌కూ ఇదే లెక్క కట్టండి.

మొత్తం హద్దు దాటితే ముందు ఎవరూ వాడని సర్వర్లను ఆపండి. పని లేకుండా కూర్చున్న సర్వర్ కూడా కరెంటు తింటూనే ఉంటుంది. తర్వాత బయోస్‌లో (సర్వర్ మూల సెట్టింగులుండే చోటు) గరిష్ఠ పనితీరు ప్రొఫైల్ నిజంగా ఎవరికి అవసరమో అడిగి, మిగతావారికి తీసేయండి. అప్పటికీ చాలకపోతే ఒకటి రెండు సర్వర్లను వేరే ర్యాక్‌కు మార్చండి. పవర్ పరిమితి పెట్టవచ్చు గాని, దాని వల్ల పని నెమ్మదిస్తే అప్లికేషన్ బృందం మీ మీదే విరుచుకుపడుతుంది, కాబట్టి దాన్ని చివరికి ఉంచండి.

ఇంకొక్క మాట. పడిన ర్యాక్‌కు కరెంటు ఇచ్చినప్పుడు సర్వర్లన్నీ ఒక్కసారిగా లేచి, ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగి, బ్రేకర్‌ను మళ్లీ పడగొట్టగలవు. కరెంటు వచ్చాక ఆన్ కావడానికి ఒక్కో సర్వర్‌కు ఒక్కో ఆలస్యాన్ని దాని మేనేజ్‌మెంట్ పేజీలో ముందే పెట్టి ఉంచండి.

అరుదైన కారణాలంటే సగం ఊడిన తీగ, దుమ్ము పట్టిన ఫ్యాన్, చెడిన పవర్ సప్లై. వీటిని హెచ్చరికే చెబుతుంది.

మార్పులన్నీ అయ్యాక, రద్దీగా ఉన్న వేళ ముందే అనుమతి తీసుకుని ‘ఏ’ వైపు ఆపండి, ఈసారి పూర్తిగా గంటసేపు. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్‌తో బీ వైపు కరెంటును పది నిమిషాలకోసారి చూసి రాసుకోండి. తర్వాత ‘ఏ’ వైపు తిరిగి ఇచ్చి, అది స్థిరపడ్డాక బీ వైపు ఆపి అలాగే చేయండి. వచ్చిన అంకెలను తేదీతో సహా ర్యాక్ తలుపు లోపల అంటించండి. రేపు కొత్త సర్వర్ పెట్టబోయేవారు ముందు వాటిని చూస్తారు.