విదేశంలో మిషనరీ కుటుంబం: మొదటి ఏడాది కాపురం, భాషా చదువు ఎలా నడపాలి?

1813 జూలైలో అమెరికన్ మిషనరీ అదోనిరామ్ జడ్సన్, ఆయన భార్య ఆన్ బర్మాలోని రంగూన్‌లో ఓడ దిగారు. వాళ్ళ చేతిలో సరైన బర్మీస్ వ్యాకరణం గానీ నిఘంటువు గానీ లేదు. దొరికిన పంతులుకి ఇంగ్లీషు రాదు. ఎదురుగా ఉన్న వస్తువును వేలితో చూపిస్తే ఆయన దాని పేరు చెప్పేవాడు. చదువు అలా మొదలైంది. జడ్సన్ పంతులుతో, తాటాకులతో రోజంతా కూర్చుంటే ఇంటి వ్యవహారమంతా ఆన్ చూసుకున్నారు. పనివాళ్ళతో, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడక తప్పేది కాదు. కొన్నాళ్ళకు ఆమె ఒక ఉత్తరంలో రాశారు: భాష నిర్మాణం భర్తకే ఎక్కువ తెలుసు గానీ మాట్లాడటంలో, ఎదుటివాళ్ళు చెప్పింది అర్థం చేసుకోవడంలో తానే ముందున్నానని.

ఇవాళ బయటి దేశం వెళ్ళే కుటుంబాల్లో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది. భర్త క్లాసుకి వెళ్తాడు. భార్య చంటిపిల్లలతో అపార్ట్‌మెంటులో ఉండిపోతుంది. సరుకులు ఫోన్‌లో ఆర్డర్ పెడితే గుమ్మంలోకి వస్తాయి. ఆన్‌కి మాట్లాడటానికి మనుషులు దొరికారు, ఈమెకు పంతులూ లేడు, మనుషులూ లేరు. రెండేళ్ళ తరువాత ఆయన వాక్యం చెబుతుంటాడు, ఆమె నవ్వుతూ కూర్చుని ఉంటుంది. కింద రాసిందంతా ఈ పరిస్థితి రాకుండా మొదటి ఏడాదిని ఎలా అమర్చుకోవాలన్నదే.

1. కాగితాల పని ముందే ముగించండి

వీసా ఫారంలో ఉన్నది ఉన్నట్టు రాయండి. కొన్ని దేశాల్లో మతసేవకులకు విడిగా వీసా ఉంటుంది. కొన్ని చోట్ల భాష చదువుకోవడానికి స్టూడెంట్ వీసా ఇస్తారు, దాని మీద ఏ పని చేయొచ్చో ఏది చేయకూడదో చదివి తెలుసుకోండి. పెళ్ళి సర్టిఫికెట్, పిల్లల పుట్టిన తేదీ పత్రాలు, డిగ్రీలు అక్కడ చెల్లాలంటే వాటికి ధ్రువీకరణ కావాలి. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకైతే అపోస్టిల్ ముద్ర చాలు, మిగతా దేశాలకు ఆ దేశపు ఎంబసీ దాకా వెళ్ళాలి.

పాస్‌పోర్టులకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉందో లేదో పిల్లలవి కూడా చూడండి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశమైతే టీకా వేయించుకున్న పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. 2016 జూలై నుంచి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

2. మొదటి రెండు వారాలు క్లాసు పెట్టుకోవద్దు

దిగిన మర్నాడే పుస్తకం తెరవాలన్న ఉత్సాహం మంచిదే, కానీ ఆ ఉత్సాహం పిల్లల నిద్ర ముందు నిలబడదు. ఒక్కో గంట టైము తేడాకు ఒంటికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఏడు గంటల తేడా ఉంటే వారం పోయినట్టే. ముందు పిల్లల పక్కలు, తరువాత వంటగది, ఆ తరువాతే మిగతావి. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి బడికి, బడి నుంచి ఆసుపత్రికి దారి భార్యాభర్తలిద్దరూ విడివిడిగా ఒంటరిగా వెళ్ళి రాగలిగితే ఈ రెండు వారాలూ సార్థకమే.

మొదటి ఇల్లు రెండు మూడు నెలలకే తీసుకోండి. అసలు ఇల్లు వెతికేటప్పుడు అద్దెతో పాటు ఇంకోటి చూడండి: సాయంత్రం ఐదింటికి ఆ గుమ్మంలో నిలబడితే మనుషులు కనిపిస్తారా? గేటు, వాచ్‌మన్, లిఫ్టు ఉన్న ఇల్లు సుఖమే. కాకపోతే లిఫ్టులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు.

3. గంటలు లెక్కేసి, ఇద్దరికీ పంచండి

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు భాషలు నేర్పడానికి ఒక సంస్థను నడుపుతుంది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళకు స్పానిష్ లాంటివి సుమారు 600 నుంచి 750 క్లాసు గంటలు పడతాయని, అరబిక్, మాండరిన్, జపనీస్, కొరియన్ 2,200 గంటలు పడతాయని దాని లెక్క. మధ్యలో 1,100 గంటల జాబితా ఒకటుంది, తెలుగు అందులోనే ఉంది. మీ మాతృభాష వేరు కాబట్టి మీ అంకెలు వేరుగా ఉంటాయి, కానీ పని ఎంత పెద్దదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు 1,100 గంటల భాషే అనుకుందాం. వారానికి 20 గంటలు చదివే మనిషికి 55 వారాలు. అదే ఇంట్లో వారానికి ఆరు గంటలు మాత్రమే దొరికే మనిషికి 183 వారాలు, అంటే మూడున్నరేళ్ళు. ఈ రెండో మనిషి ఎవరో చెప్పక్కర్లేదు.

అందుకని పొద్దున తొమ్మిది నుంచి పదకొండు వరకు ఆమె చదువు, ఆయన పిల్లలతో. పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఆయన చదువు, ఆమె పిల్లలతో. వారానికి ఐదు రోజులు, ఇద్దరికీ చెరి పది గంటలు. ఇలా అయితే పూర్తయ్యేసరికి రెండేళ్ళు దాటుతుంది, నిజమే. అయినా ఒకరు ఏడాదిలో ముగించి రెండోవారు మూగగా మిగలడం కంటే ఇదే మేలని నా అభిప్రాయం. పిల్లలు బడికి వెళ్ళే వయసైతే ఇంత తంటా లేదు, ఇద్దరూ కలిసే చదవొచ్చు. కాకపోతే టీచరు ముందు పక్కపక్కన కూర్చుంటే ఇద్దరిలో చురుకైనవారే జవాబులన్నీ చెప్పేస్తారు. వారానికి రెండు రోజులైనా విడిగా కూర్చోండి.

ఇంకోటి, మిమ్మల్ని పంపిన సంఘానికి ఈ లెక్క బయలుదేరే ముందే చెప్పండి. మొదటి రెండేళ్ళ ప్రార్థనా ఉత్తరాల్లో బాప్తిస్మాల సంఖ్య ఉండదు, ఎన్ని గంటలు చదివారో ఉంటుంది. జడ్సన్‌కు మొదటి బాప్తిస్మం ఇచ్చే అవకాశం 1819లో, అంటే దిగిన ఆరేళ్ళకు వచ్చింది. ముందే చెప్పకపోతే నాలుగో నెల నుంచే "అక్కడ పరిచర్య ఎలా ఉంది బ్రదర్?" అని ఫోన్లు మొదలవుతాయి. ఆ టెన్షన్‌కే చాలామంది చదువు మానేసి అనువాదకుణ్ణి పక్కన పెట్టుకుని ప్రసంగాలకు దిగుతారు. ఒకసారి అలా అలవాటు పడ్డాక మళ్ళీ పుస్తకం పట్టడం కష్టం.

4. టీచరుగారికి మీరే కొంచెం నేర్పండి

డిగ్రీ ఉన్నవాళ్ళే కావాలని లేదు. మీరు పనిచేయబోయే చోటి యాసే మాట్లాడాలి, ఓపిక ఉండాలి, తప్పు చెబితే మొహమాటపడకుండా దిద్దాలి. భార్యకు టీచరుగా ఆడవాళ్ళు దొరికితే మరీ మంచిది, వంటగది మాటలు, కాన్పు మాటలు, పిల్లల జబ్బుల మాటలు మగ టీచరు దగ్గర రావు. జీతం నెల తిరగ్గానే ఇచ్చేయండి.

చాలామంది టీచర్లు మొదటిరోజే అక్షరాలు దిద్దించబోతారు. మర్యాదగా ఆపి, బల్ల మీద పన్నెండు వస్తువులు పెట్టండి: గ్లాసు, చెంచా, తాళంచెవి, సబ్బు, దువ్వెన, ఇలా ఇంట్లోవే. టీచరు రెండు చేతుల్లోకి తీసుకుని వాళ్ళ భాషలో "ఇది గ్లాసు, ఇది చెంచా" అంటారు. "గ్లాసు ఏది?" మీరు చూపిస్తారు. "చెంచా ఏది?" చూపిస్తారు. నోరు మాత్రం విప్పరు. తరువాత తాళంచెవి చేరుతుంది. "తాళంచెవి ఏది? గ్లాసు ఏది?" మూడూ తడబడకుండా వచ్చాకే నాలుగోది. పన్నెండూ అయ్యాక "చెంచా గ్లాసులో వెయ్యండి, సబ్బు నాకివ్వండి." ఇలా ఒక గంటలో పన్నెండు పేర్లతో పాటు నాలుగైదు క్రియలు కూడా చెవికి పట్టేస్తాయి. ఇదంతా ఫోన్‌లో రికార్డు చేసుకుని గిన్నెలు కడుగుతూ మళ్ళీ వినొచ్చు.

గ్రెగ్ థామ్సన్ అనే భాషావేత్త మిషనరీల కోసం రూపొందించిన పద్ధతి ఈ దారిలోనే నడుస్తుంది. మొదటి గంటలన్నీ వినడానికే, మాట ఆ తరువాత. పెద్దవాళ్ళకు ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించి సిగ్గేస్తుంది. వారం ఓపిక పట్టండి.

5. నేర్చిన నాలుగు మాటలు నలభై మందికి చెప్పండి

పొద్దున క్లాసులో నేర్చిన ముక్క సాయంత్రానికి వీధిలోకి వెళ్ళాలి. "నమస్కారం. నేను మీ భాష నేర్చుకుంటున్నాను. ఇవాళ ఇంతే వచ్చు. రేపు మళ్ళీ వస్తాను." ఈ నాలుగు వాక్యాలు టీచరు చేత రాయించుకుని కంఠతా పట్టి, ఎదురైన ప్రతివారికీ చెప్పండి. పదో మనిషి దగ్గర నాలుక తిరుగుతుంది. ముప్పయ్యో మనిషి దగ్గర వాళ్ళు ఏం జవాబిస్తున్నారో వినబడటం మొదలవుతుంది. చంకలో బిడ్డ ఉన్న తల్లిని ఎవరైనా ఆగి పలకరిస్తారు, ఈ పనిలో ఆమెదే పైచేయి. రోజూ ఒకే వేళకు ఒకే దారిన వెళ్ళడం మంచిది, మొహాలు పరిచయమవుతాయి.

6. తెలుగు నాలుక ఎక్కడ సాయపడుతుంది, ఎక్కడ అడ్డుపడుతుంది

మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష. ఏ మాట దొరికినా చివర ఒక "ఉ" తగిలిస్తాం: బస్సు, పెన్ను, రోడ్డు. హల్లుతో టక్కున ఆగే భాషల్లో ఈ అలవాటు వల్ల మన మాట వాళ్ళకు వేరే మాటలా వినిపిస్తుంది. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ అయితే బాధ లేదు, అక్కడ దేశీయమైన మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి.

గొంతు ఎత్తుపల్లాలను బట్టి అర్థం మారే స్వరాల భాషలు మాత్రం మనకు బొత్తిగా కొత్త. మాండరిన్‌లో "మా" అన్న ఒక్క మాట గొంతు తీరును బట్టి అమ్మ అవుతుంది, గుర్రమూ అవుతుంది. ఇలాంటి భాషకు మొదటి నెల చెవికే కేటాయించండి. టీచరు రెండు మాటలు పలకడం, రెండూ ఒకటేనా వేరా అని మీరు చెప్పడం. అంతే, రోజుకు పావుగంట.

లాభాలూ ఉన్నాయి. బర్మీస్, థాయ్, కంబోడియావాళ్ళ ఖ్మేర్ లిపులు కూడా మన లిపిలాగే బ్రాహ్మీ సంతతి, వాటి అక్షరమాలల్లో క, ఖ, గ వరస చూడగానే గుర్తుపడతారు. జపనీస్, కొరియన్ వాక్యాల్లో మనలాగే క్రియ చివరికి వస్తుంది. ఇండోనేషియన్‌లో "కితా" అంటే మనం, "కామి" అంటే మేము. ఇంగ్లీషువాళ్ళు తికమకపడే ఈ తేడా మనకు పుట్టుకతో వచ్చినదే. ప్రభువు ప్రార్థనలో "మా తండ్రీ" అంటాం గానీ "మన తండ్రీ" అనం కదా, వాళ్ళూ అంతే, "బాపా కామి" అంటారు.

7. పిల్లల్ని దుబాసీలుగా వాడొద్దు

కొత్త బడిలో పిల్లవాడు నెలల తరబడి నోరు మెదపకపోవచ్చు. అది మొండితనం కాదు, వింటున్నాడు. ఇంటికి రాగానే "ఇవాళ ఎన్ని మాటలు నేర్చుకున్నావ్?" అని పీడించకండి. మీకంటే ముందే వాడు గడగడా మాట్లాడేస్తాడు, అప్పుడు ఇంకో ప్రమాదం. బ్యాంకులో, ఆసుపత్రిలో వాణ్ణే ముందుకు తోసి పని కానిచ్చుకోవాలనిపిస్తుంది. తల్లి జబ్బు సంగతి పదేళ్ళ పిల్లవాడి నోట డాక్టరుకి చెప్పించడం తప్పు.

ఇంట్లో మాత్రం మీ మాతృభాషే సాగనివ్వండి. రెండు సంస్కృతుల మధ్య పెరిగే ఈ పిల్లలకు 1950లలో రూత్ యూసీమ్ అనే సామాజికవేత్త "థర్డ్ కల్చర్ కిడ్స్" అని పేరు పెట్టారు. తాతయ్యతో ఫోన్‌లో మాట్లాడే భాష కూడా పోతే వాళ్ళకు తిరిగి వెళ్ళే చోటే ఉండదు.

8. కొత్త మోజు తీరిన నెలల్లో ఒకరినొకరు కనిపెట్టుకోండి

కాలెర్వో ఒబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో రాసిన వ్యాసంతో "కల్చర్ షాక్" అన్న మాట బాగా వాడుకలోకి వచ్చింది. మొదట్లో అంతా ముచ్చటగా ఉంటుంది, కొన్నాళ్ళకు కరెంటు బిల్లు కట్టే క్యూలో నిలబడి కూడా ఏడుపొస్తుంది. అది విశ్వాసం తగ్గడం కాదు. నిద్ర పట్టకపోవడం, గుమ్మం దాటి బయటికి రావడానికి భయపడటం, పిల్లల మీద ఊరికే విరుచుకుపడటం వారాల తరబడి సాగితే మాత్రం ప్రార్థనతో పాటు డాక్టరు కూడా కావాలి.

ఇంగ్లండు నుంచి బెంగాల్‌కు వచ్చిన మిషనరీ విలియం కేరీ భార్య డొరతీ మొదట బయలుదేరనన్నారు. చెల్లెలు కూడా తోడు వస్తుందన్న షరతు మీద చివరికి ఓడెక్కారు. 1793లో బెంగాల్ చేరారు. మరుసటి ఏడాది ఐదేళ్ళ కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తరువాత ఆమె మనసు చెదిరిపోయింది, 1807లో చనిపోయేదాకా కుదుటపడలేదు. కేరీ బెంగాలీ కొత్త నిబంధన 1801లో అచ్చయింది. ఆ పుస్తకం గురించి చెప్పేవాళ్ళు పక్క గదిలోని డొరతీ గురించి కూడా చెప్పాలి. వారంలో ఒక పూట చదువూ పరిచర్యా పక్కన పెట్టి, "నీకెలా ఉంది?" అని ఒకరినొకరు అడగండి. తిరిగి వెళ్ళాలనిపిస్తోంది అన్న మాటను కూడా ఆ పూట కోపం లేకుండా వినాలి.

9. ఆదివారం అర్థం కాని చోటే కూర్చోండి

మీ భాషవాళ్ళ కూడిక దొరికితే నెలకోసారి వెళ్ళి రండి, ప్రాణానికి హాయి. మిగతా ఆదివారాలు స్థానిక సంఘంలోనే గడపండి. ఆ వారం చదివే వాక్యభాగం ముందే కనుక్కుని మీ భాషలో చదువుకుని వెళ్తే ప్రసంగంలో పదింట రెండు మాటలైనా దొరుకుతాయి. భోజనానికి ముందు చేసే చిన్న ప్రార్థన టీచరు దగ్గర నేర్చుకుని, మొదటి మూడు నెలల్లోనే ఆమె ఒకసారి, ఆయన ఒకసారి పైకి చేయండి.

10. నెలకు రెండు నిమిషాలు రికార్డు చేయండి

ప్రతి నెలా ఒకటో తారీఖున ఇద్దరూ విడివిడిగా, కాగితం చూడకుండా, నిన్న పొద్దున లేచింది మొదలు ఏం చేశారో ఆ భాషలో రెండు నిమిషాలు చెప్పి ఫోన్‌లో దాచుకోండి. మొదటి నెల అందులో పదిహేను మాటలు, మిగతాదంతా నిశ్శబ్దం ఉంటుంది, పర్వాలేదు. ఆరో నెలలో, పన్నెండో నెలలో రెండు రికార్డులూ టీచరుగారికి వినిపించి, ఎవరిది ఎక్కడ ఆగిపోయిందో అడగండి. ఒకరిది బాగా వెనకబడి ఉంటే మర్నాటి నుంచే పొద్దున గంటలు మార్చి పంచుకోండి.