ఎలుకల మీది మిన్నల్లులు ఇంట్లో చేరితే వదిలించుకోవడం ఎలా?

ఎలుకల పీడ వదిలిందని ఊపిరి పీల్చుకున్న మూడో రోజు నుంచి మా ఇంట్లో అందరం కాళ్లు గోక్కోవడం మొదలుపెట్టాం. ముందు దోమలే అనుకున్నాం. కానీ దోమ చేతుల మీదా మెడ మీదా కూడా కుడుతుంది కదా, ఇవి చీలమండల చుట్టూ తప్ప పైకి రావడం లేదు. అటక మీది పాత అట్టపెట్టెల వెనక చచ్చిన ఎలుక కనబడ్డాక గానీ సంగతి అర్థం కాలేదు. మందు పెట్టి దాన్ని చంపింది నేనే. దాని ఒంటి మీద బతుకుతున్న మిన్నల్లులకు నిలువ నీడ లేకుండా చేసిందీ నేనే. ఎలుక ఒళ్లు చల్లబడగానే అవి వేడి నెత్తురు వెతుక్కుంటూ కిందికి దిగాయి.

అందుకే అసలు ముక్క ముందే చెప్పేస్తాను. ఎలుకలూ మిన్నల్లులూ రెండూ ఉన్న ఇంట్లో ముందు మిన్నల్లుల పని పట్టండి. కుదరకపోతే రెండు పనులూ ఒకేసారి మొదలుపెట్టండి. ఎలుకల్ని ముందు చంపేసి తీరిగ్గా మిన్నల్లుల సంగతి చూద్దామనుకుంటే మాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

అవి మిన్నల్లులేనా?

మిన్నల్లి అంటే ఇంగ్లీషువాళ్ల ఫ్లీ. పేరులో నల్లి ఉంది గానీ మంచం సందుల్లో ఉండే నల్లి వేరు, ఇది వేరు. నల్లిని పైనుంచి అదిమినట్టు ఉంటుంది, పలకలా. మిన్నల్లిని రెండు పక్కల నుంచీ నొక్కినట్టు ఉంటుంది, అందుకే వెంట్రుకల మధ్య చేపలా జారిపోతుంది. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు, ముదురు గోధుమ రంగు, రెక్కలుండవు. గోమారి అయితే చర్మాన్ని కరుచుకుని కదలకుండా ఉంటుంది. పేను పాకుతుంది తప్ప గెంతదు. మిన్నల్లిని పట్టుకోబోతే మాయమవుతుంది, పట్టుకున్నా వేళ్ల మధ్య నలపడం కష్టం. దాదాపు జానెడు ఎత్తు గెంతగలదు కాబట్టే నేల మీంచి లేచినప్పుడు మన చీలమండ దానికి అందుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి తెల్ల సాక్సులు మోకాళ్ల దాకా లాక్కుని, అనుమానం ఉన్న గదిలో పది నిమిషాలు నెమ్మదిగా తిరగండి. మంచాల కిందా సోఫా వెనకా ఎలుకలు తిరిగే గోడల వెంటా నడవండి. తెల్లటి గుడ్డ మీద నల్ల చుక్కలు ఎక్కి కదులుతుంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో పరీక్ష నాకు బాగా నచ్చింది. ఎలుక గూడు దగ్గరో, కుక్క పడుకునే గుడ్డ మీదో నల్ల మిరియాల పొడి లాంటి నలుసులు కనిపిస్తే, చేతికి తొడుగు వేసుకుని తడి తెల్ల కాగితం మీద దులపండి. ఒక నిమిషం చూడండి. మామూలు మట్టి మట్టిలాగే ఉంటుంది. మిన్నల్లి రెట్ట అయితే ఆ నలుసు చుట్టూ తుప్పు రంగులో ఎర్రటి మరక మెల్లగా పాకుతుంది. అది ఎండిన నెత్తురే.

ఇక రాత్రి పూట గదిలో దీపాలన్నీ ఆర్పేసి, నేల మీద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, నాలుగు చుక్కల సబ్బు కలిపి, పైన చిన్న దీపం పెడితే మిన్నల్లులు వెలుగుకీ వేడికీ గెంతి అందులో పడతాయి. సబ్బు వల్ల నీటి పైపొర పట్టు పోతుంది కాబట్టి తేలకుండా మునుగుతాయి. ఇది లెక్క తెలుసుకోవడానికే పనికొస్తుంది. పళ్లెం పెట్టి ఇల్లు బాగుచేద్దామనుకోకండి.

చిట్టెలుక మీద బతికే మిన్నల్లి జాతి ఒకటుంది, అది మనుషుల జోలికి పెద్దగా రాదు. పెద్ద ఎలుకల మీద ఉండే ర్యాట్ ఫ్లీ మాత్రం ఎలుక చస్తే మనల్ని కుడుతుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది క్యాట్ ఫ్లీ. పేరుకే పిల్లిది, కుక్కల మీదా ఎలుకల మీదా కూడా ఉంటుంది. ఏ జాతి అయినా ఇంట్లో చేయాల్సిన పని ఒకటే.

మందు కొట్టినా మళ్లీ ఎందుకొస్తాయి?

ఇది తెలియకే చాలామంది వారానికో డబ్బా స్ప్రే ఖాళీ చేసి నీరసపడిపోతారు. మనకు కనిపించి గెంతేవి ఆ సంసారంలో కొద్ది భాగమే. క్యాట్ ఫ్లీ ఆడది రోజుకు 40 నుంచి 50 గుడ్లు దాకా పెడుతుంది. ఆ గుడ్లకు జిగురుండదు, జంతువు ఒంటి మీంచి ఉప్పు రాలినట్టు రాలిపోతాయి. ఎలుక ఎక్కడెక్కడ తిరిగితే అక్కడ, అన్నిటికన్నా ఎక్కువగా దాని గూట్లో. కొన్ని రోజుల్లో వాటిలోంచి సన్నటి తెల్ల పురుగులు వస్తాయి. వాటికి వెలుగు పడదు, సందుల్లోకీ తివాచీ అడుగుకీ పోతాయి. పెద్ద మిన్నల్లులు విసర్జించిన ఎండు నెత్తురే వాటి తిండి. గాలి బాగా పొడిగా ఉంటే, అంటే గాలిలో తేమ 50 శాతం కన్నా తగ్గితే, ఈ పురుగులు బతకలేవు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరపడుతుంది.

ఆ తర్వాత పురుగు పట్టుదారం లాంటిది అల్లుకుని గూడు కట్టుకుంటుంది. దాని జిగురుకు దుమ్మూ ఇసుకా అంటుకుని ఎవరి కంటికీ ఆనదు. చిక్కంతా ఇక్కడే. ఆ గూట్లోకి మందు సరిగ్గా దిగదు. లోపలిది కుదురుగా కూర్చుని, పైన అడుగుల అదురు, ఒంటి వేడి, మనం వదిలే ఊపిరి తగిలేదాకా వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఆగుతుంది. చాన్నాళ్లు తాళం వేసిన ఇంట్లోకి అడుగుపెట్టగానే మిన్నల్లులు ఒక్కసారిగా మీద పడడానికి కారణం ఇదే.

మొదటి పని: ఎలుక గూడు వెతకడం

పైపైన ఊడవడానికి ముందు గూడు ఎక్కడుందో చూడండి. ఫ్రిజ్ వెనక, పొయ్యి గట్టు కింద, అటక మీద, వాడని సూట్‌కేసులో, చింపిన కాగితాలూ దూదీ గుడ్డపీలికలూ ఉండలా పోగుపడి ఉంటే అదే. మిన్నల్లుల గుడ్లూ పురుగులూ ఎక్కువగా ఉండేదీ అక్కడే.

పొడి చీపురుతో మాత్రం ఊడవొద్దు, వ్యాక్యూమ్ కూడా పెట్టొద్దు. ఎలుక పెంటికలూ మూత్రం ఎండిన దుమ్మూ లేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కొన్ని జబ్బులు అలాగే అంటుకుంటాయి. కిటికీలు తెరిచి అరగంట ఆగండి. పొడుగు ప్యాంటు, సాక్సులు, రబ్బరు తొడుగులు, మాస్కు వేసుకోండి. గూడు మీద ముందు మిన్నల్లుల స్ప్రే కొట్టి, దాని డబ్బా మీద రాసినంతసేపు ఆగండి. స్ప్రే ఆరాక ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూడు పూర్తిగా తడిసేలా చల్లండి, అయిదు నిమిషాలు నాననివ్వండి. కాగితంతో తీసి రెండు కవర్లలో మూటకట్టి బయట పారేయండి. బ్లీచింగ్‌లో వేరే ఏ క్లీనరూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

తర్వాత నేలా, గుడ్డలూ, జంతువులూ

పెంటికలు ఉన్న చోట్లు తడిగా శుభ్రం చేశాక మిగతా ఇంటికి వ్యాక్యూమ్ పెట్టండి. గది మధ్యలో కన్నా అంచుల్లో, సోఫా కుషన్ల మడతల్లో, మంచం కింద, తలుపు పట్టీల దగ్గర ఎక్కువసేపు ఆగండి. వ్యాక్యూమ్ అదురుకి గూళ్లలో దాక్కున్నవి మనిషొచ్చాడనుకుని బయటికి వస్తాయి. వస్తేనే మందుకు దొరుకుతాయి కాబట్టి ఇది రోజూ, కనీసం రెండు వారాలు చేయాలి. సంచిని ప్రతిసారీ మూటకట్టి బయట పారేయాలి, లేకపోతే అవి అందులోంచే తిరిగొస్తాయి. వ్యాక్యూమ్ లేకపోతే తివాచీలు తీసేసి, నేలనూ గోడ అంచులనూ వేడి సబ్బునీళ్లతో కడిగి, ఫ్యాన్ కింద పూర్తిగా ఆరబెట్టండి. పొడి గాలికి పురుగులు చస్తాయని చెప్పాను కదా, ఆ పని ఇక్కడ మీ తరఫున ఫ్యానూ ఎండా చేస్తాయి.

దుప్పట్లు, దిండు గలీబులు, పెంపుడు జంతువు పడుకునే గుడ్డలు 60 డిగ్రీల సెల్సియస్ నీళ్లలో ఉతకండి. అంత వేడికి ఆగని గుడ్డలను తీవ్రమైన ఎండలో పరిచి తిప్పుతూ ఉండండి.

ఇంట్లో కుక్కో పిల్లో ఉంటే అదే రోజు పశువుల డాక్టరు చెప్పిన చుక్కల మందో మాత్రో ఇవ్వండి. ఒకటికి ఇచ్చి ఒకటికి మానకండి. కుక్కల మందు పిల్లికి ఎప్పుడూ వేయకండి, వాటిలో కొన్నిటిలో ఉండే పర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లి ప్రాణం తీయగలదు. పెంపుడు చిట్టెలుకలకీ హామ్‌స్టర్లకీ సొంత వైద్యం అసలు వద్దు, ఒంటి బరువు గ్రాముల్లో ఉన్న జంతువుకు చుక్క తేడా కూడా ఎక్కువే. బోను కడిగి, లోపలి పరుపు మొత్తం మార్చి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మందు ఎంత, ఎక్కడ?

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు, కుట్టిన చిరాకులో ఇల్లంతా పొగబెట్టేవాళ్లు ఉంటారు. ఫాగర్ పొగ గది మధ్యలో కమ్ముకుంటుంది, మిన్నల్లులు ఉండే సోఫా కిందికి సరిగ్గా పోదు. పెద్దవాటిని చంపే మందుతో పాటు, పురుగు ఎదగకుండా ఆపే మెథోప్రీన్ గానీ పైరిప్రాక్సిఫెన్ గానీ ఉన్న స్ప్రే కొనండి. మళ్లీ పుట్టుకను ఆపేవి ఈ రెండో రకమే. అంచులకీ సందులకీ ఫర్నిచర్ కిందికీ కొట్టి, పూర్తిగా ఆరేదాకా పిల్లల్నీ జంతువుల్నీ ఆ గదిలోకి రానివ్వకండి. చేపల తొట్టి ఉంటే మూసి, గాలి పంపు ఆపండి. రెండు వారాలకు మళ్లీ ఒకసారి కొట్టాలి, అదైనా డబ్బా మీద రాసిన గడువు చూసుకునే. చెవికి వినపడని శబ్దంతో మిన్నల్లుల్ని తరిమేస్తామని అమ్మే పరికరాలకు డబ్బు తగలేయకండి, అవి పనిచేయవు.

ఇప్పుడు ఎలుకల సంగతి

మందు కొట్టిన రోజే బోన్లు పెట్టొచ్చు. విషపు ఉండలు మాత్రం వద్దనే నా సలహా. తిన్న ఎలుక గోడ సందులోనో అటక మీదో చస్తుంది, వాసన పట్టేదాకా మనకు తెలియదు, మిన్నల్లులకు మాత్రం ముందే తెలుస్తుంది. జిగురు అట్ట మీద ఎలుక గంటల తరబడి గిలగిల్లాడుతుంది, అదీ వద్దు. స్ప్రింగు బోనును గోడకు అడ్డంగా, ఎర ఉన్న వైపు గోడకు తగిలేలా పెట్టండి, ఎలుకలు గోడ వెంటే నడుస్తాయి. పొద్దున్నా సాయంత్రమూ చూడండి. చచ్చింది కనిపిస్తే కదపకముందే దాని మీదా చుట్టూ మిన్నల్లుల స్ప్రే కొట్టి, ఆరాక బ్లీచింగ్ నీళ్లు చల్లి, తొడుగులతో రెండు కవర్లలో కట్టేయండి.

చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత, అంటే 6 మిల్లీమీటర్ల కన్నం చాలు. పైపులు గోడలోకి పోయేచోట స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూయండి. ఉత్త గుడ్డా థర్మోకోలూ పెడితే కొరికేస్తుంది.

జ్వరం వస్తే

ఎలుకల మీది మిన్నల్లులు దురదతోనే ఆగవు. ప్లేగును మోసేవి ఇవేనని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టరు ప్రయోగం చేసి చూపించాడు. ప్లేగు సోకిన ఎలుకను ఒక జాడీలో పెట్టి, తగలకుండా పైన బోనులో ఆరోగ్యంగా ఉన్న ఎలుకను ఉంచితే, మిన్నల్లుల ద్వారా దానికీ సోకింది. వాటి వల్ల వచ్చే మరో జబ్బు మ్యూరిన్ టైఫస్. దాని క్రిములు మిన్నల్లి రెట్టలో ఉంటాయి, మనం గోక్కున్నప్పుడు చర్మంలోకి పోతాయి. కాబట్టి గోకకండి, సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. కుట్టిన రెండు వారాల లోపు జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, గజ్జల్లోనో చంకల్లోనో గడ్డ వాచినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లి ఇంట్లో ఎలుకలున్న సంగతి చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం త్వరగా మొదలవుతుంది, యాంటీబయాటిక్స్‌తో నయమయ్యే జబ్బులే ఇవి.

ఎన్నాళ్లు?

మొదటి వారం బాగా తగ్గి, రెండో వారం మళ్లీ పెరిగినట్టు కనిపిస్తాయి. టెన్షన్ పడకండి, గూళ్లలో మిగిలినవి బయటికి వస్తున్నాయంతే. వ్యాక్యూమ్ ఆపకండి. మాకు మొదటి పరీక్షలో సాక్సులకు పద్నాలుగు ఎక్కాయి, మూడో వారంలో రెండు, అయిదో వారంలో ఒక్కటీ లేదు. నెలన్నర దాటినా ఎక్కుతూనే ఉంటే ఇంకెక్కడో ఎలుక గూడు మిగిలిందన్నమాట. అప్పుడు పురుగుల మందు కొట్టే మనిషిని పిలిచి, ముందు ఫాల్స్ సీలింగ్ పైనా గోడల లోపలా చూడమనండి. మా అటక మీద ఇప్పుడు అట్టపెట్టెలు లేవు, బిగుతు మూతల ప్లాస్టిక్ డబ్బాలున్నాయి.