గోదావరి మీద పడవ కాపురం: మేం ఎలా నెట్టుకొస్తున్నామంటే

ధవళేశ్వరం ఎగువన మా కాపురం పడవలోనే. కరెంటు మీటరు లేదు, కుళాయి లేదు. ఇలా ఉండాలనుకుంటే ముందు తాగే నీళ్ల సంగతి చూసుకోండి.

రేవు దగ్గర ముంచకండి, ఊరి మురుగంతా అక్కడే. మామూలు రోజుల్లో నడి ఏటికి వెళ్లి బిందె నింపుకోవాలి. వరదకి ఎర్రనీరు వచ్చినప్పుడు మా ఆవిడ ఇండుప గింజని బిందె లోపలి గోడకి గరగరా అరగదీస్తుంది. గింజ లేకపోతే పటిక ముక్కని నీళ్లలో నాలుగు చుట్లు తిప్పుతుంది. తెల్లారేసరికి మడ్డి అడుక్కి దిగుతుంది. పై తేట వంచుకుని, మరగబెట్టాకే తాగాలి.

100 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ ఉంటే రెండు ఎల్ఈడీ బల్బులు, ఫోన్లు, చిన్న ఫ్యాను నడుస్తాయి. బ్యాటరీని అడుగు చెక్కల మీద మాత్రం పెట్టకండి. నేను పెట్టాను, ఒక రాత్రి వానకి నీళ్లు చేరి అది కాస్తా పోయింది.

ఇనప తట్టలో ఇసుక పోసి, దాని మీద మట్టి పొయ్యి. కట్టెలు ఏరే తెస్తుంది. కూరకి చేపలుంటాయి. బియ్యం, ఉప్పు, నూనె ఒడ్డునే కొనాలి. అన్నీ ఏరే ఇస్తుందనేది ఉత్తమాట.

పాకే పిల్లలుంటే నడుముకి తాడు కట్టి గూడు గుంజకి ముడెయ్యండి. పడవ అంచుకి జానెడు ఇవతలే ఆ తాడు ఆగిపోవాలి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. నేను అప్పటిదాకా ఆగను. నీళ్లు ఎర్రబడగానే ఒడ్డు చేరి, చెట్టుకి రెండు తాళ్లు కడతాను. నీరు పెరిగేకొద్దీ వాటిని సర్దుతూ ఉండాలి. ఆ రాత్రులు నిద్రుండదు.