పేరు పలకండి, పిట్ట దొరుకుతుంది

సూళ్ళూరుపేట చుట్టుపక్కల పల్లెల్లో ముప్పయ్యేళ్ళు కరెంటు లైన్‌మన్‌గా చేశాను. తీగ మీద వాలే పిట్టలన్నీ నాకు ముఖపరిచయమే. ఊళ్ళలో వాటిని ఏమని పిలుస్తారో రాసుకోవడం మాత్రం రిటైరయ్యాక మొదలుపెట్టాను. మొదటి ఏడాదంతా వృథా. ఫోన్లో ఫొటో చూపించి "దీన్నేమంటారు?" అని అడిగేవాణ్ణి. కాళ్ళు పొడుగ్గా ఉంటే "కొంగ" అనేవాళ్ళు, లేకపోతే ఉత్త "పిట్ట". ఫొటోకి అరుపు ఉండదు కదా!

అందుకని ఇప్పుడు తిరగేసి అడుగుతున్నాను. "పెద్దాయనా, రాత్రిపూట చెరువు గట్టున అరుస్తుందే, అది ఎట్టా అరుస్తుంది?" అని. గొర్రెలు కాసేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, రాత్రిళ్ళు చేనుకు నీళ్ళు కట్టేవాళ్ళు, అడగాల్సింది వీళ్ళనే. ముందు కూసి చూపిస్తారు. ఆ ఊపులోనే పేరు కూడా బయటికొస్తుంది. ఒక గొర్రెలాయన "తీ... తీ... తితీతూ" అని సాగదీసి, "తీతువు గదయ్యా అది" అన్నాడు. పేరు చిన్నప్పటి నుంచీ తెలుసు. అది అరుపేనని ఆ రోజే తెలిసింది.

తీతువు గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నన్ను అంత హడలగొట్టిన పిట్ట ఇంకోటి లేదు. రాత్రి పన్నెండుకి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయడానికి టార్చిలైటుతో చేలల్లో నడుస్తుంటే ఉన్నట్టుండి నెత్తి మీద అరుస్తూ తిరిగేది. తీతువు అరిస్తే ఊళ్ళో ఎవరో పోతారని మా అమ్మ అనేది. అసలు సంగతేమిటంటే, అది చెట్టు మీద గూడు కట్టదు. గులకరాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది, మామూలుగా నాలుగు. మనిషి వచ్చినా కుక్క వచ్చినా గోల చేస్తుంది. జబ్బు మనిషి ఉన్న ఇంటి నుంచి అర్ధరాత్రి జనం లాంతర్లతో బయటికొస్తే అరవకేం చేస్తుంది? నింద మాత్రం పిట్ట మీద పడింది. సంస్కృతంలో ఇదే టిట్టిభం, హిందీలో టిటహరీ. ఇంగ్లీషువాళ్ళకు "డిడ్ హి డూ ఇట్" అని వినబడుతుందట. మా పక్కనే ఉన్న తమిళులు మాత్రం అరుపును వదిలేసి పనిని పట్టుకున్నారు. వాళ్ళు దీన్ని ఆళ్‌కాట్టి అంటారు, అంటే మనిషి వచ్చాడని చూపించేది.

ఇక రాసుకునే పద్ధతి. పిట్ట అరుపును అక్షరాల్లో పెడితే సగం పోతుంది, ఎక్కడ సాగింది, ఎక్కడ తెగింది అన్నదే ముఖ్యం. బడిలో నేర్పిన గురులఘువులు నాకు పనికొచ్చింది ఇక్కడే. సాగితే గురువు గుర్తు, తెగితే లఘువు గీత. గొంతు పైకి పోతే పైకి ఒక బాణం. ఊపిరి తీసుకోకుండా ఎన్నిసార్లు అరిచిందో పక్కన అంకె. తర్వాత ఆ గుర్తుల ప్రకారం పేరును పైకి, పిట్ట ఎంత వేగంగా అంటుందో అంత వేగంగా పలకండి. కోకిల అని మామూలుగా అంటే ఏమీ లేదు. "కో" దగ్గర ఆగి, గొంతు ఎత్తి చూడండి.

కోకిల దగ్గర ఒక మెలిక ఉంది. "కూహూ" అనేది నల్లటి మగది. మచ్చల ఆడది "కిక్ కిక్ కిక్" అని తొందరగా అరుస్తుంది, పేరుకీ దానికీ పొత్తు లేదు. వేసవిలో స్తంభాల మీద కాకి గూళ్ళు తీయడం మా పని. ఇనుప తీగముక్కలు తెచ్చి కడతాయి, షార్ట్ అయి లైను పోతుంది. అలాంటి గూళ్ళలోనే కోకిల గుడ్లు పెట్టేది. మగదీ ఆడదీ వేరువేరుగా అరుస్తాయి కాబట్టి ఒక్క అరుపు రాసుకుని ఊరుకోకండి, మగదా ఆడదా అని కూడా అడగండి.

అన్ని పేర్లూ అరుపులు కావు. కంసాలి పిట్ట పేరులో "టుక్ టుక్" లేదు, కానీ సుత్తి దెబ్బ ఉంది. మధ్యాహ్నం ఎండలో కూడా ఒకే తాళంలో కొడుతూనే ఉంటుంది. తల అటూ ఇటూ తిప్పుతూ కూస్తుంది కాబట్టి చప్పుడు ఏ కొమ్మ నుంచి వస్తోందో పట్టుకోవడం కష్టం. మర్రిచెట్టుకు పళ్ళున్నప్పుడు వెతకండి. నెమలి సంగతి ఇంకా తమాషా. దాని అరుపును కేక అన్నారు, కేక గలది కాబట్టి నెమలి కేకి అయింది. జెముడు కాకిని మాత్రం నమ్మొద్దు. కాకి అని పేరే గానీ అది కోకిల జాతిది, పొదలో నక్కి "ఊప్ ఊప్" అని లోగొంతుతో అంటుంది.

సరిచూసుకోవడానికి ఫోన్లో రికార్డు చేయండి. చివర్లో మీ గొంతుతోనే తేదీ, ఊరు, టైము చెప్పేయండి, తర్వాత గుర్తుండవు. జెనో కాంటో అనే సైట్లో శాస్త్రీయ నామం కొడితే అరుపులు వినొచ్చు. తీతువుకైతే వానెల్లస్ ఇండికస్. ఆ అరుపును తీసుకెళ్ళి గూటి దగ్గర మోగించకండి. వేరే పిట్ట వచ్చిందనుకుని గుడ్లు వదిలి కొట్లాటకొస్తుంది.

లకుముకి దగ్గర నేను ఓడిపోయాను. కాలవ తీగ మీద కూర్చునే నీలం రెక్కల పిట్టను ఎన్ని పొద్దులు విన్నానో, "లకుముకి" మాత్రం నా చెవిన పడలేదు. హిందీవాళ్ళు పెట్టిన కిల్‌కిలా అయితే చక్కగా వినబడుతుంది. ఆ పేజీలో ప్రశ్న గుర్తు వేసి, కింద నాలుగు గీతలు ఖాళీగా ఉంచాను. గొర్రెలాయన కోతలయ్యాక మంద తోలుకుని వస్తానన్నాడు, ఆయన్ని కూసి చూపించమని అడగాలి.