వావ్‌లో యాడాన్ పనిచేయట్లేదా? గేమ్ డిలీట్ కొట్టే ముందు ఇవి చూడండి

మా తమ్ముడు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్, అదే వావ్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడతాడు. యాడాన్ అంటే ఆ గేమ్ స్క్రీన్‌ని మనకి కావాల్సినట్టు మార్చుకోవడానికి బయటివాళ్ళు రాసే చిన్న ప్రోగ్రామ్. ఆమధ్య ఒకరోజు ఫోన్ చేసి అన్నా యాడాన్ ఎక్కించా కానీ లిస్టులో కనపడట్లేదు, గేమ్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కిస్తున్నా అన్నాడు. వంద జీబీ దాటిన గేమ్, వాడికున్నది ఫోన్ హాట్‌స్పాట్, రెండ్రోజులు పట్టింది, అంతా అయ్యాక చూస్తే యాడాన్ మళ్ళీ కనపడలేదు. తప్పు గేమ్‌లో లేదు, ఫోల్డర్ లోపల ఇంకో ఫోల్డర్ ఉండిపోయింది, అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి తీయకుండా ఉండాలనే ఇది రాస్తున్నా.

ముందు ఎక్కించడం చూద్దాం. యాడాన్‌లు ఎక్కించిపెట్టే కర్స్‌ఫోర్జ్ యాప్ గానీ వావ్అప్ గానీ వాడితే ఇన్‌స్టాల్ నొక్కితే చాలు, అప్‌డేట్లు కూడా అదే చూసుకుంటుంది, కొత్తవాళ్ళు ఇలాగే మొదలుపెట్టండి. కానీ ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ యాప్ వెనకాల ఏం చేస్తోందో తెలియాలి కాబట్టి చేత్తో ఎక్కించడం కూడా ఒక్కసారి చేసి చూడండి. గేమ్ తెరిచే బ్యాటిల్‌నెట్ యాప్‌లో ప్లే బటన్ పక్కన ఉండే గేర్ గుర్తు నొక్కి షో ఇన్ ఎక్స్‌ప్లోరర్ అంటే గేమ్ ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో రిటైల్, క్లాసిక్, క్లాసిక్ ఎరా అని రెండువైపులా అండర్‌స్కోర్లతో వేరువేరు ఫోల్డర్లు ఉంటాయి, మీరు ఎక్కించుకున్నవే కనపడతాయి. రిటైల్ అంటే ఇప్పటి గేమ్, క్లాసిక్‌లు దాని పాత వెర్షన్లు. మీరు ఆడేది ఏదో దాంట్లోకే వెళ్ళాలి, రిటైల్‌లో వేసి క్లాసిక్‌లో వెతికేవాళ్ళని చాలామందిని చూశా. లోపల ఇంటర్‌ఫేస్, దాని లోపల యాడాన్స్. జిప్ విప్పాక వచ్చిన ఫోల్డర్లన్నీ అందులో పెట్టాలి, అన్నీ అంటే అన్నీ, డెడ్లీ బాస్ మాడ్స్ లాంటి పెద్ద యాడాన్‌లు నాలుగైదు ఫోల్డర్లుగా వస్తాయి, ఒక్క కోర్ ఫోల్డర్ కాపీ చేసి మిగతావి వదిలేస్తే సగం పనిచేసి సగం చేయదు.

ఇప్పుడు అసలు విషయం. ప్రతి యాడాన్ ఫోల్డర్లో టాక్ (టీ, ఓ, సీ అక్షరాలు) అనే ఎక్స్‌టెన్షన్‌తో చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, గేమ్ ముందు వెతికేది దాన్నే. ఆ ఫైల్ పేరూ ఫోల్డర్ పేరూ ఒకటే ఉండాలి, ఫైల్ ఆ ఫోల్డర్ తెరవగానే కనపడాలి, ఇంకో ఫోల్డర్ లోపల దాక్కోకూడదు. విండోస్‌లో ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ కొడితే జిప్ పేరుతో ఇంకో పొర తయారవుతుంది, మా తమ్ముడికి జరిగింది ఇదే. యాడాన్ రాసేవాళ్ళు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్లో డౌన్‌లోడ్ జిప్ నొక్కి తెచ్చుకుంటే ఫోల్డర్ పేరు చివర మెయిన్ అనో మాస్టర్ అనో తగులుకుని వస్తుంది, దాంతో పేర్లు కలవవు. అది తీసేసినా కొన్నిసార్లు లైబ్రరీలు, అంటే యాడాన్ వాడుకునే వేరేవాళ్ళ కోడ్ ఉండవు, ఎందుకంటే అవి రిలీజ్ తయారుచేసేటప్పుడే కలుపుతారు, అందుకని గిట్‌హబ్ అయితే ఎప్పుడూ రిలీజెస్ అన్నచోట నుంచే తీసుకోండి. కొత్త యాడాన్ పెట్టాక గేమ్ పూర్తిగా మూసి తెరవండి, చాట్‌లో స్లాష్ రీలోడ్ కొట్టడం అనేది ఇప్పటికే ఉన్న యాడాన్‌ని మళ్ళీ చదివించడానికి మాత్రమే సరిపోతుంది.

కొత్త ప్యాచ్ దిగిన రోజు ఔటాఫ్ డేట్ అని ఎర్రగా కనపడితే కంగారు పడొద్దు. అమెరికా సర్వర్లలో ప్యాచ్ మంగళవారం పొద్దున దిగుతుంది, మనకి అది రాత్రి, యాడాన్ రాసినవాళ్ళకి ఒకట్రెండు రోజులు టైమ్ ఇవ్వాలి. టాక్ ఫైల్లో ఇంటర్‌ఫేస్ అని ఒక నంబర్ ఉంటుంది, 11.2.7 ప్యాచ్ అయితే 110207, క్లాసిక్ ఎరా 1.15.8 అయితే 11508, ఆ నంబర్ గేమ్ నంబర్‌తో కలవకపోతేనే ఆ మాట వస్తుంది. యాడాన్ లిస్టులో పాతవి కూడా లోడ్ చెయ్యి అనే టిక్ కనపడితే పెట్టి చూడండి, చిన్న ప్యాచ్ అయితే చాలావరకు నడిచిపోతాయి. పెద్ద ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి వచ్చే కొత్త భాగం) అయితే అలా నడుస్తాయని ఆశ పెట్టుకోవద్దు. మిడ్‌నైట్ అనే ఎక్స్‌పాన్షన్‌తో గేమ్ తయారుచేసే బ్లిజార్డ్ కంపెనీ ఫైట్‌లో వచ్చే సమాచారాన్ని యాడాన్‌లు వాడుకోకుండా బాగా బిగించింది, వీక్ఆరాస్ అనే యాడాన్ టీమ్ అయితే మిడ్‌నైట్‌కి వెర్షన్ తీసుకురామని ముందే చెప్పేసింది, అలాంటప్పుడు మీ కంప్యూటర్లో ఏం మార్చినా ఉపయోగం లేదు.

యాడాన్ లోడ్ అయ్యి కూడా తిక్కగా ప్రవర్తిస్తుంటే ఎర్రర్ ఏమంటోందో చూడాలి. చాట్‌లో స్లాష్ కన్సోల్ కొట్టి, స్పేస్ ఇచ్చి, స్క్రిప్ట్ ఎర్రర్స్ కలిపి రాసి, మళ్ళీ స్పేస్ ఇచ్చి 1 కొట్టండి, ఎర్రర్లు స్క్రీన్ మీదకి వస్తాయి. నేనైతే బగ్‌సాక్, బగ్‌గ్రాబర్ అనే యాడాన్‌లు రెండూ కలిపి వాడతా, ఎర్రర్లని, ఫైట్ మధ్యలో అడ్డం రాకుండా పక్కన దాచిపెడతాయి, తీరిగ్గా చదువుకోవచ్చు. ఎర్రర్లో యాడాన్ ఫోల్డర్ పేరు, ఫైల్ పేరు, లైన్ నంబర్ ఉంటాయి. ముప్పై ఎర్రర్లు వచ్చినా మొదటిది చూడండి, చాలాసార్లు మిగతావి దాని వల్ల వచ్చినవే.

ఏ యాడాన్ తప్పో తెలియకపోతే ఒక్కోటీ తీసి చూడటం మొదలుపెట్టకండి, రాత్రంతా పడుతుంది. సగం ఆపేయండి. సమస్య పోతే తప్పు ఆపిన సగంలో ఉన్నట్టు, పోకపోతే మిగిలిన సగంలో ఉన్నట్టు, ఆ సగాన్ని మళ్ళీ సగం చేయండి. నలభై యాడాన్‌లు ఉన్నా ఆరు సార్లకి దొరికిపోతుంది. ఆపినంత మాత్రాన సెట్టింగులు పోవు, భయపడక్కర్లేదు.

సెట్టింగుల మాట వచ్చింది కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. మీరు గంటలు కూర్చుని సర్దుకున్నదంతా ఉండేది ఇంటర్‌ఫేస్ పక్కనే ఉండే డబ్ల్యూటీఎఫ్ అనే ఫోల్డర్లో, అందులో అకౌంట్, దాని లోపల మీ అకౌంట్ పేరున్న ఫోల్డర్, దాని కింద సేవ్డ్ వేరియబుల్స్. ఎవరో నెట్‌లో డబ్ల్యూటీఎఫ్ డిలీట్ చెయ్ అన్నారని చేసేసి మూడేళ్ళ బార్లు, ప్రొఫైళ్ళు అన్నీ పోగొట్టుకున్న ఫ్రెండ్ ఒకడున్నాడు నాకు, ఆ బాధ చూశాకే చెప్తున్నా, డిలీట్ వద్దు, పేరు మార్చండి చాలు. ఇంటర్‌ఫేస్, డబ్ల్యూటీఎఫ్, క్యాష్ మూడింటి పేర్ల చివర ఓల్డ్ అని తగిలించి గేమ్ తెరిస్తే కొత్తవి అదే తయారుచేసుకుంటుంది, సమస్య పోయిందంటే కారణం వాటిల్లోనే ఉంది, పాతవాటి నుంచి కావాల్సింది వెనక్కి తెచ్చుకోవచ్చు. ఒక్క యాడాన్ మాత్రమే పాడైతే సేవ్డ్ వేరియబుల్స్‌లో దాని పేరుతో ఉన్న లువా (యాడాన్‌లు రాసే భాష) ఫైలూ, పక్కనే ఉండే బ్యాక్ ఫైలూ వేరేచోటికి జరపండి, క్యారెక్టర్ ఫోల్డర్లో కూడా ఇంకో సేవ్డ్ వేరియబుల్స్ ఉంటుంది, అదీ చూడండి. ఇదంతా గేమ్ మూసేశాకే చేయాలి. గేమ్ ఈ ఫైళ్ళని లాగౌట్ అయినప్పుడో రీలోడ్ కొట్టినప్పుడో రాస్తుంది, అందుకని తెరిచి ఉండగా మీరు మార్చింది అది చెరిపేస్తుంది. కొత్త లేఅవుట్ సర్దుకోగానే ఒకసారి రీలోడ్ కొట్టే అలవాటు కూడా అందుకే మంచిది, మధ్యలో క్రాష్ అయితే ఆ పనంతా పోతుంది.

ఫైట్‌లో ఉన్నప్పుడు యాడాన్ వల్ల ఈ పని ఆగిపోయింది అని మెసేజ్ వస్తే అది పాడైనట్టు కాదు. ఫైట్ నడుస్తుండగా కొన్ని బటన్లని యాడాన్‌లు ముట్టుకోకూడదని గేమ్ రూలు. ఫైట్ అయ్యాక రీలోడ్ కొట్టండి, పదేపదే వస్తుంటే పైన చెప్పిన సగం సగం పద్ధతి.

ఇంకొకటి, యాడాన్ జిప్‌లో ఈఎక్స్ఈ ఫైల్ ఉంటే తెరవకండి. యాడాన్ అంటే లువా, ఎక్స్ఎంఎల్, బొమ్మలు, ఫాంట్లు, సౌండ్లు, అంతే. అలాగే తెలియనివాళ్ళు చాట్‌లో ఇది పేస్ట్ చెయ్ అని స్లాష్ రన్‌తో మొదలయ్యే లైన్ ఇస్తే చేయొద్దు, 2016లో ఇలాగే ఒక్క లైన్‌తో అవతలివాళ్ళు పంపే మెసేజ్‌లు మన గేమ్‌లో కమాండ్లుగా నడిచేలా చేసి మోసం చేశారు.

ఇవన్నీ చేసినా తేలకపోతే యాడాన్ రాసినవాళ్ళకి చెప్పండి, కానీ పనిచేయట్లేదు అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. యాడాన్‌లకి డబ్బులు వసూలు చేయకూడదని బ్లిజార్డ్ 2009లోనే రూలు పెట్టింది, ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని ఉచితంగా రాస్తున్నవాళ్ళు చాలామంది, వాళ్ళ టైమ్ మనం తినకూడదు. మొదటి ఎర్రర్ మొత్తం కాపీ చేసి, యాడాన్ వెర్షన్, మిగతావన్నీ ఆపినా వస్తోందా లేదా, ఏం నొక్కితే వస్తోంది, ఇవన్నీ రాయండి, క్లాసిక్ అయితే ఏ క్లాసిక్కో కూడా.