డౌరో లోయలో సైకిల్ యాత్ర: బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

పోర్చుగల్ ఉత్తరాన డౌరో నది వెంట సైకిల్ మీద తిరగాలని యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు కొందరు అడుగుతున్నారు. వాళ్లలో చాలామంది నది పక్క రోడ్డు కదా, చదునుగానే ఉంటుందిలే అనుకుంటున్నారు. రెగ్వా ఊరి నుంచి పిన్యావ్ దాకా, సుమారు 25 కిలోమీటర్లు, ఆ మాట నిజమే. ఎన్222 రోడ్డు నీళ్ల అంచునే సాగుతుంది. పిన్యావ్ దాటాక మాత్రం అదే రోడ్డు నదిని వదిలేసి కొండెక్కుతుంది. నది దగ్గర ఎత్తు 100 మీటర్లు కూడా ఉండదు, పైనున్న సావ్ జువావ్ ద పెష్కైరా ఊరు 600 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడి నుంచి తూర్పుకు చాలా చోట్ల ఒడ్డున రైలు పట్టాలకు తప్ప రోడ్డుకు చోటు లేదు. అందుకే ఒక్కో రోజు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగాల్సి వస్తుంది. రోజుకి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా, ఎన్ని మీటర్ల ఎత్తు అని లెక్కేసుకోండి. సామానుతో అయితే 50 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు చాలా ఎక్కువ. మొదటి రెండు రోజులు అందులో సగమే పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఎండ గురించి. మనవాళ్లు దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. రామగుండం ఎండలు చూసినవాళ్లం, యూరప్ ఎండ మనల్నేం చేస్తుంది అంటారు. 2022 జులై 14న పిన్యావ్‌లో 47 డిగ్రీలు నమోదైంది. అంత ఎండలో రామగుండంలో మనం తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంటాం, పదిహేను కిలోల సామాను కట్టిన సైకిల్‌తో కొండ ఎక్కం. డౌరో లోయకి పడమటి వైపున్న మరావ్ కొండలు సముద్రపు తేమని లోపలికి రానివ్వవు. లోయ గోడలేమో పొరలు పొరలుగా విడిపోయే పలకరాయి. పగలంతా కాగి, పొద్దుపోయేదాకా సెగ వదులుతూనే ఉంటుంది. ద్రాక్షతోటల మెట్ల మధ్య నీడనిచ్చే చెట్టు దొరకడం కష్టం. ఆ ప్రాంతం వాళ్లే తమ వాతావరణం గురించి 'తొమ్మిది నెలలు చలి, మూడు నెలలు నరకం' అని సామెత చెప్పుకుంటారు.

ఇంకో సంగతి గడియారం. మన దగ్గర జులైలో సూర్యుడు నడినెత్తికొచ్చేది పన్నెండుంబావు తర్వాత. డౌరో లోయలో వేసవి గడియారం ప్రకారం అది ఒంటిగంటన్నర దాటాక. కాబట్టి అసలైన వేడి ఒంటిగంటకి కాదు, నాలుగు నుంచి ఆరు మధ్య ఉంటుంది. మధ్యాహ్నం భోంచేసి, కాసేపు పడుకుని, నాలుగింటికి ఎండ తగ్గుతుందని బయల్దేరితే సరిగ్గా దాని నోట్లోకే వెళ్తారు. పొద్దున ఆరున్నరకల్లా సైకిలెక్కండి, పదకొండున్నరలోపు ఆ రోజు పెద్ద ఎక్కుడు పూర్తి కావాలి. మిగిలింది ఏడు తర్వాత చూసుకోవచ్చు, తొమ్మిది దాకా వెలుతురుంటుంది. నన్నడిగితే జులై, ఆగస్టుల్లో అసలు వెళ్లొద్దంటాను. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ మొదటి వారం దాకా, మళ్లీ అక్టోబర్‌లో ఆ లోయ హాయిగా ఉంటుంది.

గాలి పొడిగా ఉండడంతో చెమట పట్టినట్టే తెలీదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. టీషర్టు భుజాల దగ్గర, హెల్మెట్ పట్టీ మీద తెల్లటి ఉప్పు చారలు కనపడ్డాయంటే ఒంట్లో నీళ్లు, ఉప్పు అప్పటికే బాగా పోయాయని అర్థం. ఎక్కుడు రోజున మనిషికి మూడు లీటర్ల నీళ్లు, నాలుగైదు ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి. ఎండలో ఉండి కూడా ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకోవడం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండడం, మాట తడబడడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంకో మలుపు వెళ్లి చూద్దాం అనుకోవద్దు. దొరికిన నీడలో ఆగి, మెడ మీద, చంకల్లో నీళ్లు పోసుకోండి. మాట తడబడుతుంటే, మనిషి అయోమయంగా ఉంటే వెంటనే 112కి ఫోన్ చేయండి.

ఊళ్లలో రాతి కుళాయిలుంటాయి, నీళ్లు చల్లగా వస్తాయి. తాగేముందు పైన బోర్డు చూడండి. 'నావ్ పొతావెల్' అనో 'ఇంప్రోప్రియా' అనో ఉంటే తాగకూడదు. 'నావ్ కొంత్రొలాదా' అంటే ఆ నీళ్లని ఎవరూ పరీక్షించడం లేదని. ఆ మూడింటితోనూ తల తడుపుకోవచ్చు, సీసా మాత్రం కాఫీ హోటల్లో నింపుకోండి. అడిగితే సంతోషంగా నింపిస్తారు.

ఇప్పుడు బ్రేకుల సంగతి. ఇది చిన్న విషయంగా కనపడుతుంది కానీ నన్ను దాదాపు పడేసింది. మన దేశంలో సైకిళ్లకి మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. పోర్చుగల్‌లో అద్దెకిచ్చే సైకిళ్లకి దీనికి తిరగేసి ఉంటుంది. ఒక దిగుడు మలుపులో, రోడ్డు మీద గోళీలంత పలకరాయి ముక్కలు పరుచుకుని ఉంటే, అలవాటు కొద్దీ ఎడమచెయ్యి గట్టిగా నొక్కాను. ముందు చక్రం బిగుసుకుని పక్కకి జారింది. రోడ్డు పక్క రాతిగోడకి కాలు తగిలి ఆగాను. ఆ గోడ లేకపోతే కింద మూడు మెట్ల ద్రాక్షతోట. సైకిల్ తీసుకోగానే దుకాణం ముందే ఒక్కో బ్రేకు విడిగా నొక్కి, ఏది ఏ చక్రాన్ని పడుతుందో చూడండి. మీ చేతికి అలవాటైనట్టుగా మార్చిమ్మని అడగండి, చాలావరకు మారుస్తారు. బ్రేకు ప్యాడ్లు సగానికి పైగా అరిగి ఉంటే అక్కడే కొత్తవి వేయించుకోండి.

పొడుగు దిగుడులో బ్రేకు పట్టుకునే ఉండొద్దు, వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. మలుపు రాకముందే రెండూ కలిపి నొక్కి వేగం తగ్గించి, వదిలేసి, మలుపు తిరగండి. ప్రతి పది నిమిషాలకీ ఒకసారి ఆగండి, వేళ్లకీ విశ్రాంతి. ఊళ్ల లోపల రోడ్లు రాతి దిమ్మలు పరిచినవి. పొద్దున మంచు పడ్డా, చినుకు పడ్డా సబ్బు రాసినట్టు జారతాయి. అక్కడ దిగి నడిపించుకెళ్లడమే మేలు. టైర్లు కనీసం 35 మిల్లీమీటర్ల వెడల్పువి వేసుకోండి. గేర్లలో అన్నిటికంటే తేలికైనదాంట్లో పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టుకి మించి తిరగకూడదు. అలా లేని సైకిల్ ఆ కొండలకి పనికిరాదు.

ఫోన్ మ్యాపులని గుడ్డిగా నమ్మొద్దు. ఈ లోయకి 1756లోనే ద్రాక్షసాగు హద్దులు గీశారు. అప్పటినుంచీ తోటల మధ్య వేసుకున్న దారులు లెక్కలేనన్ని. సైకిల్ దారి అని మ్యాపు చూపించేది ఒక్కోసారి ట్రాక్టర్ కోసం కొండ మీదకి నిటారుగా వేసిన మట్టిబాట అవుతుంది. ముందురోజు రాత్రే దారి మొత్తం శాటిలైట్ ఫొటోలో చూసుకుని, తారురోడ్డు కాని చోట మార్చుకోండి. మ్యాపు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, వాగుల మలుపుల్లో సిగ్నల్ ఉండదు.

సెప్టెంబర్‌లో ద్రాక్ష కోతలు. సన్నటి రోడ్ల మీద ట్రాక్టర్లు, లారీలు తెల్లారకముందే మొదలవుతాయి, గదులు దొరకవు. కార్లు సైకిల్‌ని దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని అక్కడి చట్టం చెబుతుంది. చాలామంది పాటిస్తారు, కానీ ఎన్222 మీద సరదాకి కార్లు, మోటారుసైకిళ్లు నడిపేవాళ్లు ఎక్కువ, శని ఆదివారాలు ఆ రోడ్డు వదిలేయండి. కుడివైపు నడపడం అందరికీ గుర్తే ఉంటుంది, కానీ కాఫీ తాగి ఖాళీ రోడ్డెక్కినప్పుడు చెయ్యి తనంతట తానే ఎడమవైపుకి తిప్పుతుంది. ఎంత అలవాటైనా ఆ క్షణంలో జాగ్రత్త.

కార్చిచ్చు గురించి నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. 2017 జూన్ 17న మధ్య పోర్చుగల్‌లోని పెద్రోగావ్ గ్రాండ్ దగ్గర అంటుకున్న మంటల్లో 66 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కార్లలో తప్పించుకుపోతూ రోడ్డు మీదే చిక్కుకున్నారు. కారులో వెళ్లేవాళ్లే దాటలేని మంటని సైకిల్ మీద దాటగలం అనుకోకూడదు. వేసవిలో రోజూ పొద్దున వాతావరణ శాఖ, అంటే ఐపీఎంఏ, ఇచ్చే అగ్నిప్రమాద మ్యాపు చూడండి. మీరు వెళ్లే మండలం ఎర్రగా ఉంటే నీలగిరి చెట్ల, పైన్ చెట్ల అడవి దారులు మానేయండి. పొగ కనపడితే ముందుకెళ్లి చూడొద్దు, వచ్చిన దారినే దగ్గర్లోని ఊళ్లోకి వెనక్కి రండి. చాలా ఊళ్లలో జనం చేరాల్సిన చోటుకి బోర్డులు పెట్టారు. అడవిలో స్టవ్ వెలిగించడం, అనుమతి లేని చోట టెంట్ వేయడం వద్దేవద్దు.

తోటల దగ్గర కాపలా కుక్కలుంటాయి. మీదకొస్తే సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకీ మధ్య అడ్డం పెట్టి నెమ్మదిగా నడవండి. కరిస్తే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

శాకాహారులకి ఒక మాట. ఆకుకూర సూప్ అని ఇచ్చే కాల్దు వెర్ద్‌లో పంది సాసేజ్ ముక్క వేస్తారు. 'సెమ్ కార్న్' అంటే మాంసం లేకుండా అని, దాంతోపాటు 'సెమ్ షొరీసు' అని కూడా చెప్పండి. చిన్న ఊళ్లలో ఆదివారం దుకాణాలుండవు. శనివారమే రొట్టె, జున్ను, అరటిపళ్లు కొనిపెట్టుకోండి. వైన్ రుచి చూడాలనుంటే ఆ రోజు సైకిల్ పక్కన పెట్టేశాకే.

వీసా కోసం తీసుకునే 30,000 యూరోల ఇన్సూరెన్స్‌లో సైకిల్ ప్రమాదం కవరవుతుందో లేదో కాగితం చదివి చూసుకోండి. అత్యవసరం కాని జబ్బుకి 808 24 24 24 నంబర్‌లో ఆరోగ్యశాఖ వాళ్లు సలహా చెబుతారు.

ఇక మీకు పెద్ద ధైర్యం ఆ రైలే. పోర్టో నుంచి పొసీన్యు దాకా వెళ్తుంది, మొదట కొంత దూరం పోయాక నది పక్కనే సాగుతుంది, రీజనల్ రైళ్లలో చోటుంటే సైకిల్‌ని ఉచితంగా ఎక్కించుకుంటారు. ఒళ్లు బాగోకపోయినా, ఎండ మించిపోయినా కిందికి దిగి రెగ్వాలోనో, పిన్యావ్‌లోనో, తువాలోనో రైలెక్కేయండి. పొసీన్యు తర్వాత లైను 1988లోనే మూసేశారు, పాత మ్యాపు చూసి స్పెయిన్ సరిహద్దు దాకా ఉందనుకోవద్దు. పైకి వెళ్లే కొద్దీ రోజుకి కొన్ని రైళ్లే ఉంటాయి. అందుకే ప్రతి రాత్రి పడుకునేముందు మర్నాటి రైళ్ల టైములు, ఏ స్టేషన్ ఏ ఊరి కింద ఉందో, చిన్న కాగితం మీద రాసి హ్యాండిల్ బ్యాగులో పెట్టుకోండి.